దూరపు భాండాగారములలో మన పల్లె పాటలు

పంచాయతీ కార్యాలయపు బీరువాలో ఇంటిపన్ను రిజిస్టరు ఉండును. తీర్మానముల పుస్తకము ఉండును. గ్రామమునకు చెందిన ఆస్తుల పట్టిక ఉండును. రోడ్లు, కుంటలు, వీధిదీపములు, పాఠశాల గదులు అన్నియు ఆ పట్టికలో చేరును. అయితే గ్రామవాసులకు చెందినదై, గ్రామము దాటిపోయి, ఏ పట్టికలోను చేరని సొత్తు మరియొకటి కలదు. అది మన పెద్దలు పాడగా బయటివారు యంత్రముతో పట్టి తీసికొనిపోయిన పాట.

నూటముప్పది సంవత్సరములకు పైగా పండితులు, ప్రభుత్వోద్యోగులు, గ్రామఫోను కంపెనీలు, రేడియో కేంద్రములు లోకమంతట పల్లెల పాటలను ధ్వనిముద్రణ చేయుచునే యున్నారు. అట్లు ముద్రించినవి రాజధానులలోని భాండాగారములకు చేరినవి. పాడినవారు కాలధర్మము చెందిరి. వారి మనుమలకు ఆ ముద్రణ యున్నదన్న సంగతియే తెలియదు. దాదాపు యాబది ఏండ్లుగా పలు దేశములలో ఈ గొంతులను తిరిగి ఆయా ప్రజలకు అందజేయు ప్రయత్నము జరుగుచున్నది. అది ఎట్లు జరిగినది, మన పంచాయతీలు అందులో చేయదగినదేమి, చేయరానిదేమి అను విషయములను ఈ పాఠములో పరిశీలింతము.

తనకల్లు ప్రాంతమున పాట స్థితి

తనకల్లు కదిరినుండి మదనపల్లెకు పోవు మార్గమున కలదు. 2022 ఏప్రిలు వరకు అనంతపురము జిల్లాలో నుండి, అప్పటినుండి శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. పూర్వపు అనంతపురము జిల్లాకు ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియు వేరుసెనగకు కావలసిన నాడు కురియునన్న నమ్మకము లేదు. ఇట్టి మెట్టనేలలో పాట తీరికవేళ వినోదముగా పుట్టలేదు. పనితోను, వానకొరకు ఎదురుచూపుతోను కలిసి పుట్టినది. వాన రానప్పుడు రోకలికి కప్పను కట్టి, వేపమండలు చుట్టి, ఇంటింటికి తిరిగి నీళ్లు పోయించుకొను కప్పతల్లి పాట అట్టిది. కలుపుతీతలో ఒకరు అందింపగా తక్కినవారు అందుకొను పాటలు అట్టివి.

కపిల పాటను ఉదాహరణగా తీసికొందము. బావిగట్టున ఎద్దులు వెనుకకు ముందుకు నడచుచుండగా, తోలుబాన నిండి పైకి వచ్చువరకు తోలువాడు పాడిన పాట యది. ఆ పాట నడక ఎద్దుల నడకయే. ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు, వాటి వెనుక బోరుబావులు వచ్చినవి. కపిల పోయినది. రైతునకు ఎంతో శ్రమ తప్పినది గనుక దానికి ఎవ్వరును చింతింపనక్కరలేదు. కాని పని పోయిన పిమ్మట పాటకు నిలువ చోటు లేదు. దానిని పాడినవారిలో మిగిలినవారు నేడు బహు వృద్ధులు. వారి పిమ్మట కపిల పాట ఎట్లుండెనో తెలిసికొనుటకు ధ్వనిముద్రణ తప్ప మరియొక ఆధారము లేదు.

సుగాలీ తండాల సంగతి ఇంకను గమనింపదగినది. సుగాలీల భాషకు సొంత లిపి లేదు. అవసరమైనచోట తెలుగు లిపిలో వ్రాసికొందురు. అందుచే వారి వంశముల చరిత్ర, తెగ తిరిగిన దారులు, వివాహపు మర్యాదలు చాలవరకు గొంతులోనే కలవు. తీజ్ పండుగనాడు కన్యలు బుట్టలలో మొలకలు పెంచుచు పాడు పాటలు కలవు. పెండ్లికూతురు పుట్టింటిని విడుచునపుడు పెద్దల మెడపై వాలి ఏడ్చుచు పాడు ఢావ్లో యనునది కలదు. అది పాటయు నగును, ఏడుపును నగును. తల్లినుండి కూతురు విని నేర్వవలసినదే. కరువు సంవత్సరములలో తల్లిదండ్రులు బెంగుళూరునకు కూలికి పోయి, పిల్లలు హాస్టలులోనో అవ్వతాతల యొద్దనో పెరుగుచుండగా ఆ నేర్పు తెగిపోవుచున్నది. ఉరుములు వాయించు కుటుంబములకును ఇదే కష్టము. అమ్మవారి జాతరలలో ఆ వాద్యపు మూలుగు విననివారు ఈ జిల్లాలో అరుదు; దాని వరుసలు పూర్తిగా తెలిసినవారును అరుదగుచున్నారు.

కాగితమునుండి యంత్రమునకు

పాటను పట్టి యుంచవలెనను కోరిక కొత్తది కాదు. బ్రౌనుదొర వేమన పద్యములను వ్రాయసగాండ్రచే సేకరింపించి 1829లో అచ్చు వేయించెను. వేమన సమాధి యున్నదని ప్రసిద్ధి చెందిన కటారుపల్లె కదిరికి సమీపమునే కలదు. 1874లో బాయిల్ అను ఆంగ్లేయుడు తెలుగు వీరగాథలను గూర్చి ‘ఇండియన్ ఆంటిక్వెరీ’ పత్రికలో వ్యాసము ప్రకటించెను. సర్వాయి పాపని పాట అందు చేరినది. ఆచార్య బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై విశ్వవిద్యాలయ పరిశోధనకు మన భాషలో దారి తీసిరి. వీరి కృషి గొప్పది. అయినను కాగితముపై అక్షరము నిలుచునే గాని గొంతు నిలువదు. ఏ పాదమును ఎంత సాగదీసిరి, ఎచ్చట ఊపిరి పీల్చిరి, ఎచ్చట పక్కవారు నవ్విరి అనునది వ్రాతకు అందదు.

1877లో ఎడిసన్ కనిపెట్టిన ఫోనోగ్రాఫు ఈ లోపమును తీర్చెను. 1890లో అమెరికాలో ఫ్యూక్స్ అను పండితుడు పాసమక్వోడీ అను ఆదివాసి తెగవారి పాటలను, కథలను మైనపు గొట్టములపై పట్టెను. పండితులు ప్రజల యొద్దకు యంత్రమును కొనిపోయి చేసిన మొదటి ధ్వనిముద్రణలుగా వానిని పరిగణింతురు. మైనపు గొట్టము విచిత్రమైనది. వినిన కొలది సూది దాని గాడిని చెరిగించును. అనగా ఎంత ఇష్టముతో వినిన అంత త్వరగా నశించును.

మన దేశమునకు గ్రామఫోను కంపెనీవారు 1902లో వచ్చి కలకత్తాలో పాటలు ముద్రించిరి. 1913కును 1929కిని నడుమ భాషా సర్వేలో భాగముగా అనేక భాషలవారి గొంతులు గ్రామఫోను ప్లేట్లపై ఎక్కినవి. మద్రాసు రాజధానిలోని భాషలును అందు చేరినవి. వారు అనేకులచేత బైబిలులోని తప్పిపోయిన కుమారుని కథనే చెప్పించిరి. భాషలను పోల్చి చూచుటకు ఆ పద్ధతి మేలే. కాని చెప్పువాని సొంత కథ యేమో దానివలన తెలియదు. కొన్ని ప్లేట్లపై పాటలును, స్థానికమైన కథలును ఉండుట మన అదృష్టము. షికాగో విశ్వవిద్యాలయమువారు నడుపు దక్షిణాసియా డిజిటలు గ్రంథాలయములో వీనిని నేడు ఎవరైనను ఉచితముగా వినవచ్చును. 1963లో కడపలో ఆకాశవాణి కేంద్రము వెలసిన పిమ్మట రాయలసీమ జానపద గాయకులకు స్టూడియో మైకు దగ్గరైనది.

ఇచ్చట గిడుగు రామమూర్తి పంతులుగారిని స్మరింపక తప్పదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నున్న ఆయన సవరల భాషను సవరల యొద్దనే నేర్చి, వారి పాటలను కథలను సేకరించి, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పుటకు పుస్తకములు వ్రాసిరి, బడులు పెట్టించిరి. తీసికొన్నదానిని తీసికొన్నచోటికే మరియొక రూపమున చేర్చుట యనగా నిదియే. యంత్రము లేని దినములలో జరిగిన పని గనుక దీనిని ఎవ్వరును ‘పాటల అప్పగింత’ యని పిలువలేదు.

తిరిగి తెచ్చిన సందర్భములు

డచ్చి దేశీయుడైన ఆర్నాల్డ్ బాకె (1899–1963) శాంతినికేతనమున సంగీతము నేర్చి, మన దేశమున చాల యేండ్లు సంచరించెను. 1938లో ఆయన దక్షిణ దేశమున తిరిగి పాటలను ధ్వనిముద్రణ చేసి, ఆటలను మూగ చలనచిత్రములుగా తీసెను. లండనులో ఆయన శిష్యుడైన నజీర్ అలీ జైరజ్‌భాయ్, ఏమీ కాట్లిన్ అను విదుషీమణితో కలిసి 1984లో గురువు నడచిన దారినే మరల నడచెను. తమిళనాడు, కేరళ, కర్ణాటకములలోని ఊళ్లకు పోయి, బాకె పట్టిన పాటలను అచ్చటివారికి వినిపించి, నాడు పాడినవారి సంతతివారిని వెదకి, ఏది నిలిచినది ఏది మారినది అని వారితోనే ముచ్చటించిరి. ఆ వృత్తాంతము 1991లో గ్రంథముగా వెలువడెను. దక్షిణ భారతమున ధ్వనిముద్రణలు పుట్టిన ఊళ్లకే తిరిగి పోయిన సందర్భములలో మనకు మిక్కిలి దగ్గరిది ఇదియే.

ఆ జైరజ్‌భాయ్ పూనికతోనే 1982లో పూనాలో అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియన్ స్టడీస్ వారి సంగీత భాండాగారము నెలకొల్పబడెను. అది నేడు ఢిల్లీకి చేరువనున్న గురుగ్రామమున కలదు. విదేశములలోనున్న మన దేశపు ముద్రణల ప్రతులను మన దేశమునకు రప్పించుట దాని మొదటి ఉద్దేశములలో నొకటి. తరువాత ఆ సంస్థవారు రాజస్థానములోని లంగా, మాంగణియార్ గాయకులతోను, గోవాలోని కళాకారులతోను భాగస్వామ్యముగా పని చేసిరి. ముద్రణ గాయకుల ఎదుట జరుగుట, దాని వివరములను గాయకులే చెప్పుట, ప్రతి వారికి చెందుట ఆ పని పద్ధతి.

అమెరికాలో కాంగ్రెసు గ్రంథాలయమువారు 1979లో తమయొద్దనున్న మైనపు గొట్టములలోని ఆదివాసుల పాటలను టేపులకెక్కించి ఆయా తెగలకు పంపు పనికి పూనిరి. ఓమహా తెగవారి పాటలు అందు కలవు. వానిని ముద్రించినవారిలో నొకడైన ఫ్రాన్సిస్ లా ఫ్లెష్ ఆ తెగవాడే యగుట విశేషము. 1983లో ఆ తెగవారి వార్షికోత్సవమునందు ఆ పాటలు మరల వారికి అందజేయబడినవి. పాసమక్వోడీ ముద్రణల చరిత్ర మరింత దూరము పోయినది. 1890 నాటి ఆ గొట్టములకు నేడు ఆ తెగవారు తమ భాషలో తామే పేర్లు పెట్టి, ఏ పాట ఎవరిది, దానిని ఎట్లు వాడుకొనవలెనో తెలుపు చీటీలను గ్రంథాలయపు పట్టికకు జతపరచిరి. అనగా గొట్టము వాషింగ్టనులో నున్నను, దానినిగూర్చి మొదటి మాట చెప్పువారు ఆ తెగవారే. అలాస్కా ఉత్తరపు కొసనున్న బారో పట్టణమున 1946లో లారా బౌల్టన్ ముద్రించిన పాటలను కొలంబియా విశ్వవిద్యాలయమువారు తిరిగి కొనిపోగా, అచ్చటి యువకులు వానిని విని నేర్చి నృత్యబృందముగా కూడిరి.

పెట్టెను అప్పగించినంతమాత్రమున చాలదు

పై సందర్భములలో మేలు కలిగినచోట్ల ఒక సామాన్య లక్షణము కనబడును. ముద్రణలను పోస్టులో పంపి ఊరకుండలేదు. పండితులును ప్రజలును కూర్చుండి కలిసి వినిరి. ఏల యిట్లు వినవలెనో ఒక ఊహతో చెప్పెదను.

ఒక టేపు పెట్టెపై ‘స్త్రీల పాట, కదిరి తాలూకా’ యని మాత్రమే వ్రాసియున్నదనుకొందము. పాడినవారి పేరు లేదు, ఊరు లేదు, సందర్భము లేదు. పాత ముద్రణలలో ఇట్టి చీటీలు కోకొల్లలు. ఏలయన ముద్రించినవారికి పాట కావలెను గాని పాడిన మనిషి యంతగా కావలసి యుండలేదు. ఆ టేపును తండాలో నలుగురు అవ్వల ఎదుట వినిపించిన పక్షమున ఐదు నిముషములలో సగము సంగతి తేలును. ఇది పెండ్లిపాట కాదు, అప్పగింతలనాటి ఢావ్లో యని ఒకరందురు. ఈ గొంతు ఫలానావారి అమ్మది, ఆమె ఈ తండాకు కోడలుగా వచ్చినది, పాటలోని మాటలు పుట్టింటి తండావి యని మరియొకరందురు. మూడవయామె పాట మధ్యలో వదలిన చరణమును తాను అందించును. ఏ విశ్వవిద్యాలయములోను లభింపని పాండిత్యమిది.

మరియొక సంగతియు అప్పుడే బయటపడును. ఆ గొంతు తన తల్లిదని గుర్తించిన కుమార్తె అచ్చటనే యుండవచ్చును. ముప్పది నలువది ఏండ్ల క్రిందట పోయిన తల్లి, కూతురు ఇల్లు విడుచుటను గూర్చి ఏడ్చుచు పాడుచుండగా ఆమె వినుచున్నది! ఇట్టి దానిని ముందు చెప్పక, పది మందిలో, లౌడుస్పీకరుపై వినిపించిన అది అప్పగింత కాదు, గాయము. ఆస్ట్రేలియాలో పలు ఆదివాసి తెగలవారు ఇటీవల మరణించినవారి పేరును గొంతును వినుట తగదని తలంతురు. అందుచే అచ్చటి సంస్థలు వినిపించుటకు ముందే హెచ్చరిక చెప్పును. మన తండాలలో ఏ మర్యాద కలదో తండావారే చెప్పవలెను. పండుగనాడు తప్ప పాడరాని పాటలుండవచ్చును. ఆడవారు ఆడవారి మధ్యనే పాడుకొనునవి యుండవచ్చును. చావునాడు మాత్రమే మ్రోగవలసిన వాద్యపు వరుసను స్వాతంత్ర్య దినోత్సవపు సభలో మ్రోగించిన వాయించినవారికే తలవంపు. ఒక కులమువారిని కించపరచు పాట టేపులో దొరికినచో, దానిని దాచవలెనా, భద్రపరచి బహిరంగముగా వినిపింపకుండవలెనా యని ఇరుపక్షములవారు కూర్చుండి తేల్చుకొనవలెను. చెరిపివేయుట మాత్రము తగదని నా యభిప్రాయము.

చట్టము చెప్పునది

1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము ధ్వనిముద్రణపై హక్కు దానిని తయారు చేయించినవారిది; ప్రచురించిన మరుసటి సంవత్సరమునుండి అది 60 సంవత్సరములు చెల్లును. పాడినవారికి ప్రదర్శకుని హక్కు 1994 సవరణచే లభించెను. నేడు దాని గడువు ప్రదర్శన జరిగిన మరుసటి సంవత్సరమునుండి 50 సంవత్సరములు. పాడినది తామేనని తమ పేరు చెప్పించుకొను హక్కు 2012 సవరణలో చేరినది. అయితే తరతరములుగా వచ్చు పాటకు ఫలానావాడు కర్త యని చెప్ప వీలులేదు గనుక, ఆ పాటపై తండాకు గాని కులమునకు గాని ఉమ్మడి హక్కును ఈ చట్టము ఇయ్యదు. జీవత్కళల రక్షణకై 2003లో యునెస్కో చేసిన ఒడంబడికలో మన దేశము 2005లో చేరినది. అందు ప్రజల భాగస్వామ్యము ముఖ్యమని చెప్పబడినను, అది వ్యాజ్యము గెలిపించు పత్రము కాదు. కావున ఇచ్చట మన రక్షణ చట్టమునకన్న ముందుచూపులోనే యున్నది. రేపు సెల్‌ఫోనుతో వచ్చి పాట పట్టుకొనువారితో ఏమి ఒప్పుకొంటిమో నేడే కాగితముపై పెట్టుకొనవలెను.

పంచాయతీ చేయదగినది

ఇచ్చట ఒక మాట నిర్మొగమాటముగా చెప్పవలసి యున్నది. ‘గ్రామపు పాట’ యనగానే అది పంచాయతీ సొత్తని భ్రమ కలుగును. కాదు. తీజ్ పాట తండా స్త్రీలది. ఉరుముల వరుస దానిని కాపాడిన కుటుంబములది. ఊరిలో చిరకాలము వెలుపల నిలుపబడినవారి కళను ఊరి పేరిట పెద్దలు సొంతము చేసికొనిన, దూరపు భాండాగారము చేసిన తప్పునే దగ్గర చేసినట్లగును. పంచాయతీ ఈ వ్యవహారమున సాక్షిగా నుండవలెను, యజమానిగా నుండరాదు.

సాక్షి చేయు పనులు చిన్నవేమియు కావు. మొదటగా, గత యాబది అరువది ఏండ్లలో ఎవరెవరు వచ్చి పాటలు పట్టుకొనిపోయిరో వృద్ధులను అడిగి వ్రాసికొనుట. ‘రేడియోవారు జీపులో వచ్చిరి’, ‘కాలేజీ అమ్మాయి ఒకతె నెల దినములుండెను’ అన్నట్టి ఆనవాళ్లే వెదకుటకు మొదటి తీగలు. రేడియో కేంద్రములు, విశ్వవిద్యాలయముల తెలుగు శాఖలు, జానపద శాఖలు, పైన చెప్పిన గురుగ్రామపు భాండాగారము - వీరికి ఆ ఆనవాళ్లతో ఉత్తరము వ్రాయవచ్చును. దొరకుననియే చెప్పలేము. టేపు ఖరీదైన దినములలో పాతదానిని తుడిచి కొత్తది ఎక్కించుట లోకమంతట వాడుకగా నుండెను. మిగిలిన టేపులును బూజు పట్టి, జిగురు వీడి, వాయించు యంత్రములు తయారగుట మానినందున మూగవోవుచున్నవి. అందుచే వెదకుటకు ఇంకొక పదియేండ్లు ఆగుదమనుట వీలు కాదు.

ప్రతి దొరకినచో, మూలముతో సమానమైన పెద్ద దస్త్రము నొకటి, ఫోనులో వినుటకు చిన్న దస్త్రము నొకటి కోరవలెను. వానిని ఒక్కచోటనే ఉంచరాదు. పాఠశాలలో నొకటి, తండా పెద్దల యొద్ద నొకటి, ఊరు వెలుపల నమ్మకమైనచోట నొకటి యుండవలెను. మన ఎండకు పెన్‌డ్రైవు పాడగుట ఎరిగినదే. రెండేండ్లకొకసారి కొత్తదానిలోనికి ఎక్కింపవలెను. బెంగుళూరు కట్టడపు పనులలోనున్న కుటుంబములకు వారివారి పెద్దల పాటలను ఫోనుకు పంపుట మరువరాదు. పాట ఊరికి వచ్చినదనుకొనునాటికి వినవలసినవారు ఊరిలో లేకపోవుట ఈ కరువు సీమ ప్రత్యేక విషయము.

కొత్తగా ముద్రింప వచ్చువారు పంచాయతీలో తమ పేరు, సంస్థ పేరు, ముద్రణ ఎచ్చట దాచబడునో, దానితో డబ్బు వచ్చినచో పాడినవారి వాటా ఎంతయో వ్రాసియిచ్చి, ప్రతిని ఇచ్చెదమని ఒప్పుకొనవలెను. పాడువారికి ఆ దినపు కూలి ఇప్పించుట న్యాయము. కలుపుతీత మానుకొని వచ్చి పాడినవారికి చప్పట్లతో పొద్దు గడవదు. రిజిస్టరులో ఒక్కొక్క పాటకు పాడినవారి పేరు, వారి తండా, పుట్టింటి ఊరు, పాట సందర్భము, ఎవరెవరు వినవచ్చును, వినరాని వేళ యేది అను గళ్లు ఉంచవలెను. ‘తెలియదు’ అని వ్రాయుటకు వెనుకాడరాదు. తప్పుపేరు వ్రాయుటకన్న అది మేలు, తరువాత తెలిసినవారు పూరింతురు.

భాండాగారమునకు వ్రాయు ఉత్తరము తెలుగులో నుండవచ్చును, దానికి ఆంగ్లానువాదమును జతపరచిన చాలును. దానిపై పాడినవారి కుమారులు, కుమార్తెలు, తండా పెద్దలు మొదట సంతకములు చేయవలెను. చదువు రానివారి వ్రేలిముద్రలకు ప్రక్కన పేర్లు స్పష్టముగా వ్రాయవలెను. సర్పంచి సంతకము, పంచాయతీ ముద్ర చివర ఉండవలెను.